కాల్చవలసిన చీటీలు

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు యాభై రెండేళ్ళ వయసులో వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి రెండు రోజులు పడుతుంది, మధ్యలో అన్నం కూడా మాడుతుంది. తప్పులుంటే మన్నించండి. నిదానంగా చెప్తున్నానని విసుక్కోకండి.

నాచారంలో మా మందిరం అప్పట్లో రేకుల షెడ్డు. ఒక పక్క మందుల కంపెనీ గోడ, ఇంకో పక్క లారీలు నిలిపే ఖాళీ జాగా. వర్షం పడితే అయ్యగారి ప్రసంగం ముందు వరస వాళ్ళకే వినబడేది. అయ్యగారంటే మా పాస్టరు చలపతిరావు గారు, కోస్తా నుంచి వచ్చారు. ఆయన భార్య రత్నకుమారి గారిని మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. నా భర్త మొగిలయ్య ఒక ఇంజనీరింగు కంపెనీలో బరువులు మోసేవాడు. ఆయన పోయాక మందిరం ఊడ్చే పని అయ్యగారు నాకిచ్చారు.

మందిరం తలుపు పక్కన ఒక చెక్కపెట్టె ఉండేది. పైన సన్నని సందు, ముందు తాళం. మనసులో బరువున్నవాళ్ళు దాన్ని చీటీ మీద రాసి, మడిచి, ఆ సందులో వేసేవారు. పేరు రాయనక్కర లేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్ళమంతా ఆ పెట్టె చుట్టూ కూర్చుని దాని మీద చేతులుంచి ప్రార్థన చేసేవాళ్ళం. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. తెలియకుండానే ఏడ్చేవాళ్ళం. శనివారం పొద్దున అయ్యగారు తాళం తీసి, చీటీలన్నీ ఒక గుడ్డసంచిలో పోసి నాకిచ్చి, స్కూటరు మీద ఇళ్ళ ప్రార్థనలకు వెళ్ళిపోయేవారు. షెడ్డు వెనక పాత తారు డబ్బాలో వాటిని కాల్చి, ఆ తర్వాత మందిరం ఊడ్చేదాన్ని.

ఈ పని నాకెందుకు వచ్చిందో చెప్పాలి. పెట్టె పెట్టిన ఆదివారం ఒక పెద్దమనిషి లేచి, కాల్చేవాళ్ళు చదివితే ఎట్లా అని అడిగారు. అయ్యగారు నవ్వి నా వైపు చేయి చూపించారు.

"మల్లవ్వ కాలుస్తుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గుపడాల్సింది గాని గర్వపడ్డాను. చదువు రాదని పని ఇవ్వనివాళ్ళను చాలామందిని చూశాను. చదువు రాదని పని ఇచ్చింది అయ్యగారొక్కరే.

రెండేళ్ళు అట్లా నడిచింది. తొంభై రెండులో అమ్మగారు మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు చదువురాని ఆడవాళ్ళకు పలకలు పట్టించడం మొదలుపెట్టారు. పట్టికలో మొదటి పేరు నాదే రాశారు. చీటీలు కాల్చే మనిషికి చదువు నేర్పితే ఏమవుతుందో ఆ దంపతులిద్దరికీ తట్టలేదు. అయ్యగారేమో నాకు చదువు లేదని నమ్ముకుని సంచి ఇస్తున్నారు. అమ్మగారేమో అదే షెడ్డులో కూర్చోబెట్టి నాకు గుణింతాలు చెప్తున్నారు. మొదట్లో నాకు కూడా తట్టలేదు.

అక్షరాలు రావడం విచిత్రమైన సంగతి. చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్ళకు అది ఎట్లా ఉంటుందో గుర్తుండదు, అందుకని చెప్తున్నాను. అంతకుముందు నాకు బస్సు బోర్డు మీద బారుగా చీమలు కనబడేవి. ఒకరోజు ఉప్పల్ చౌరస్తాలో నిలబడి ఉంటే, ఆ చీమలు నా కళ్ళ ముందే 'ఉప్పల్' అయి కూర్చున్నాయి. నేను వాటిని అడగలేదు. ఆ తర్వాత ఉప్పు పొట్లం, గోడ మీద ఎన్నికల రాతలు, కంపెనీ గేటు, ఏది కనబడితే అది చదివేశాను. చదవకుండా ఉందామని కూడా చూశాను. చేతిని ముట్టుకోవద్దంటే ఆగుతుంది. కాలును పోవద్దంటే ఆగుతుంది. తెరిచిన కన్నును చదవొద్దంటే మాత్రం, నా మాట పూర్తయ్యేలోపే అది చదివేసి ఉంటుంది. దేవుడు కన్నును అట్లా ఎందుకు చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక శనివారం సంచిలో ఒక చీటీ మడత విడిపోయి పైనే ఉంది. నా కన్ను చదివేసింది. 'ప్రభువా, మా అక్కతో మాట్లాడి ఆరేళ్ళయింది' అని ఉంది. నాకు ఎంత సంతోషమయిందంటే, అది ఎవరి బాధ అన్న ఆలోచనే రాలేదు. అమ్మగారి పలక మీది గుండ్రటి అక్షరాలు కాక, వేరే మనిషి రాత చదవడం అదే మొదలు. మొత్తం చదివాను. అక్క ఏలూరులో ఉంది, తల్లి నగల దగ్గర తగువైంది, ఇప్పుడు అక్కకు ఒంట్లో బాగుండటం లేదట, ముందు ఎవరు పలకరించాలన్న పంతం తీయమని మనవి. నిప్పులో వేశాక అప్పుడు భయమేసింది.

మరుసటి వారం ఇంకొకటి విప్పాను. రకరకాల చేతిరాతలు అలవాటు కావాలి గదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడో వారానికి ఆ సాకు కూడా అవసరం లేకపోయింది. తారు డబ్బా పక్కన ఇటుక మీద కూర్చుని, పది పన్నెండు చీటీలూ చదివి, అప్పుడు అగ్గిపుల్ల గీసేదాన్ని.

ఇంకొకటి ఉంది, అది దీనికన్నా సిగ్గు. నాకు చదవడం వచ్చిందని తెలిస్తే సంచి పోతుంది. అందుకని క్లాసులో రానట్టు నటించాను. అమ్మగారు 'పలక' చూపిస్తే 'ప' దగ్గరే ఆగిపోయేదాన్ని. నాతో చేరినవాళ్ళు పాఠాలు దాటుకుంటూ పోతుంటే నేను గుణింతం దగ్గర కూర్చున్నాను. ఒకరోజు అమ్మగారు నా తల మీద చేయి పెట్టి, ఈమె బుద్ధిని తెరువు తండ్రీ అని ప్రార్థన చేశారు. నేను ఆమేన్ అన్నాను.

ఆ అక్క చీటీ రాసింది ఎవరో తెలుసుకోవాలని నాకు కుతూహలం పట్టుకుంది. ఏలూరు మాట ఎవరి నోట వస్తుందా అని చెవులు రిక్కించి తిరిగాను. చివరికి ఒకరోజు ఆ ఊరి పేరు ఒకావిడ నోట వినబడింది. ఉప్పల్‌లో ఉండే ఛాయాదేవి గారు. వాళ్ళాయన ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఉద్యోగి. ఆవిడ పాటలు పాడుతుంది, ఎవరితోనూ ఎక్కువ కలవదు. ఒక ఆదివారం చెప్పులు వేసుకుంటూ ఒంటరిగా ఉంటే చూసి, నా నోరు ఊరుకోలేదు.

"మీరే ముందుగాల పలకరించున్రి అమ్మా. మీ అక్క మనసు మెత్తగైతది" అన్నాను.

ఆవిడ ఒక చెప్పు వేసుకుని, ఇంకో చెప్పు చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. అక్క ఉన్నట్టు ఆవిడ ఇక్కడ ఎవరికీ చెప్పలేదట. ఆ వారమే రైలెక్కి ఏలూరు వెళ్ళింది. అక్కచెల్లెళ్ళు కలిశారు. తిరిగి వచ్చి ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పింది, దేవుడు మల్లవ్వ నోట నాతో మాట్లాడాడు అని. అయ్యగారి కళ్ళు చెమర్చాయి. చదువు లేని మనిషిని దేవుడు ఎట్లా వాడుకుంటాడో చూడండి అన్నారు.

ఆ రోజే లేచి నిజం చెప్పాల్సింది. అందరూ నా వైపు తిరిగి చూస్తున్నారు. యాభై రెండేళ్ళలో అంతమంది నన్ను ఒక్కసారిగా చూడటం నా పెళ్ళిలో కూడా జరగలేదు. తల దించుకున్నాను. దాన్ని వాళ్ళు వినయం అనుకున్నారు.

అప్పటి నుంచి ఆడవాళ్ళు నా దగ్గరకు రావడం మొదలైంది. మల్లవ్వకు ప్రవచన వరం వచ్చిందని మౌలాలి దాకా పాకింది. వచ్చినామె మాటల్ని బట్టి ఆమె చీటీ ఏదో పోల్చుకుని, చదివింది చదివినట్టు చెప్పకుండా, డొంకతిరుగుడుగా ఒక ముక్క అనేదాన్ని. వాళ్ళు ఏడ్చి నా చేతులు పట్టుకునేవారు. అందులో కొందరికి మేలు కూడా జరిగింది. అదే నన్ను తికమక పెట్టింది. దొంగతనంగా తెచ్చిన మాటతో మనిషికి ఓదార్పు కలిగితే ఆ ఓదార్పు ఎవరిచ్చినట్టు? ఛాయాదేవి గారి అక్క సంగతిలో దేవుని పని ఎంత, నా దొంగతనం ఎంత అని ఇప్పటికీ ఆలోచిస్తాను. లెక్క తేలదు.

ఒక్క తారామణి మాత్రం నన్ను వింతగా చూసేది. మౌలాలి రైల్వే క్వార్టర్సులో ఉండేది, నా ఈడుదే, నోరు గట్టిది. ఒక ఆదివారం చాపలు చుడుతుంటే అడిగింది.

"మల్లవ్వా, దేవుడు నీతోని శనివారం నాడే మాట్లాడుతడేందే? మిగిలిన దినాలు గాయినకు తీరదా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అదీ నవ్వింది. నేను చాపను రెండుసార్లు చుట్టాను.

ఇక నా కోడలు సూర్యకళ సంగతి. మా అబ్బాయి కనకరాజు, కోడలు, నేను నాచారంలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. సూర్యకళ మందుల కంపెనీలో ప్యాకింగు పని చేసేది. మందు డబ్బాలో సన్నని కాగితం ఉంటుంది చూడండి, దాన్ని అప్పట్లో చేత్తోనే మడిచేవారు. ఇటు నుంచి మూడు మడతలు, అటు నుంచి రెండు, పైన గోటితో ఒక గీటు. రోజుకు కొన్ని వేలు మడిచి మడిచి ఆ పిల్ల చేతికి అదే అలవాటయింది. బస్సు టికెట్టు ఇచ్చినా అట్లాగే మడిచేది. అచ్చు తప్పిన కాగితాలను కంపెనీ పారేస్తే, వెనక తెల్లగా ఉంటుందని ఇంటికి తెచ్చేది. పెట్టెలో ప్రతి వారం అదే కాగితం, అదే మడత ఒకటి ఉండేది. పేరు లేకపోయినా అది నా కోడలిదని నాకు తెలుసు.

అందరివీ చదివిన నేను దాన్ని మాత్రం విప్పలేదు. మంచితనం కాదు, భయం. ఆ మధ్య మొగుడూ పెళ్ళాలు గుసగుసగా మాట్లాడుకునేవారు. నేను పోతే ఆపేసేవారు. ఉప్పల్‌లో ఒక గది ఇల్లు చూశారని పక్కింటామె ద్వారా తెలిసింది. ఒక గది అంటే అందులో నాకు చోటు లేదు. ఆ చీటీలో ఉన్నది నా గురించేనని నాకు గట్టిగా అనిపించింది. ఈ ముసలిదాన్ని నా నుంచి దూరం చేయి అని రాసి ఉంటే, అది చదివాక ఆ పిల్ల వండిన అన్నం ఎట్లా తినాలి?

ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన అయి ఇంటికొచ్చాక, పొయ్యి దగ్గర కూర్చుని సూర్యకళ అడిగింది. అడగడానికి చాలాసేపు పట్టింది. ముందు కందిపప్పు ధర గురించి, తర్వాత కంపెనీలో సూపర్వైజరు గురించి చెప్పింది.

"అత్తమ్మా, అందరికి చెప్తున్నవు గదా. నా గురించి దేవుడు ఏమన్నా చెప్పిండా?"

లేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. నా నోట వచ్చింది వేరు.

"రేపటి దాక ఆగు బిడ్డా."

శనివారం పొద్దున అయ్యగారు సంచి ఇచ్చి వెళ్ళిపోయారు. నేను ఇటుక మీద కూర్చుని సంచిని ఒళ్ళోకి బోర్లించాను. మూడు మడతలు, రెండు మడతలు, గోటి గీటు. చేతిలోకి తీసుకున్నాను. వేలి గోరంత బరువు కూడా లేదు. మిగతావాటిని ముట్టుకోబుద్ధి కాలేదు. కంపెనీ షిఫ్టు సైరను మోగింది. ఒక మడత విప్పాను. కాగితం పల్చన, లోపలి సిరా నీలంగా బయటికి కనబడుతోంది. అక్షరాలు తిరగేసి ఉన్నాయి కాబట్టి కన్నుకు ఇంకా అందలేదు. ఇంకొక మడత విప్పితే అందుతుంది.

పరలోక ప్రార్థనలో శోధన అనే మాట రోజూ పలుకుతాం. మనిషిని తప్పులోకి లాగే ఆ శోధన ఏదో పెద్దది, సారాయి లాంటిది, పరాయి మగవాడి లాంటిది అనుకునేదాన్ని. అది ఇంత చిన్నగా, నా కోడలి చేతి మడతలతో వచ్చి నా ఒళ్ళో కూర్చుంటుందని అనుకోలేదు. దాన్ని పట్టుకుని అసలు ఇదేమిటి అని చూశాను. చదివితే ఏమవుతుంది? ఇల్లు వేరు పెట్టాలని ఉందనుకుందాం. సాయంత్రం ఆ పిల్ల వచ్చి నా ముందు కూర్చుంటుంది. నేను ఏం చెప్తాను? నాకు తెలుసు ఏం చెప్తానో. వేరు పోవద్దన్నాడు దేవుడు అని చెప్తాను. ఆ పిల్ల నమ్ముతుంది. ఉప్పల్ ఇల్లు వదులుకుంటుంది. అత్త మాట అయితే ఎదురు చెప్పవచ్చు, మొగుడితో పోట్లాడవచ్చు. దేవుని మాటకు ఎవరితో పోట్లాడుతుంది? బతికినన్నాళ్ళూ నా భయాన్ని దేవుని మాట అనుకుని ఆ రెండు గదుల్లో ఉండిపోతుంది.

అప్పటిదాకా చదవడమే తప్పు అనుకున్నాను. చదివిన తర్వాత నేను అనబోయే మాట దానికన్నా ఎంత పెద్దదో ఆ ఇటుక మీద కూర్చున్నప్పుడే కనబడింది. విప్పిన మడతను మళ్ళీ మడిచాను. నా కన్నును నమ్మలేక, మొహం కంపెనీ గోడ వైపు తిప్పుకుని, చేత్తో తడుముకుంటూ దాన్ని డబ్బాలో వేశాను. మిగతావన్నీ కూడా అట్లాగే చూడకుండా వేసి అగ్గిపుల్ల గీశాను. పూర్తిగా బూడిదయ్యేదాకా తిరిగి చూడలేదు. చూడాలని మాత్రం ఉంది. ఆ కోరిక కాగితంతో పాటు కాలలేదు.

సాయంత్రం సూర్యకళ డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ నా ముందు కూర్చుంది.

"దేవుడు నాకేం చెప్పలే బిడ్డా" అన్నాను. "నీ గురించే కాదు, ఎవ్వరి గురించి చెప్పలే. నాకు సదువొచ్చింది. చీటీలు సదివి చెప్పిన."

ఆ పిల్లకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత మొహం ఎర్రబడింది.

"నాది సదివినవా?"

"లేదు."

"అందరివి సదివి నాదొక్కటి ఇడిసిపెట్టినవా? ఎట్ల నమ్మాలె అత్తమ్మా?"

ఇన్ని వారాలు చదివినదానికి ఎవరూ నన్ను శిక్షించలేదు, పైగా చేతులు పట్టుకున్నారు. చదవని ఆ ఒక్కదాన్ని చదవలేదని చూపించుకోవడానికి మాత్రం నా చేతిలో ఏమీ లేదు, బూడిద తప్ప.

"నమ్మకు" అన్నాను. "నేనైన నమ్మకపోదును. కాని సదవలే."

ఆ పిల్ల లేచి లోపలికి పోయింది. ఆ రాత్రి నాకు అన్నం పెట్టి, తన కంచం తీసుకుని లోపలి గదికి పోయింది.

ఆదివారం పొద్దున కూడిక మొదలు కాకముందే అయ్యగారి దగ్గరకూ అమ్మగారి దగ్గరకూ వెళ్ళి అంతా చెప్పాను. అయ్యగారు కుర్చీలో వెనక్కి వాలి, తప్పు నీదొక్కదానిదే కాదు మల్లవ్వా, నేనూ ఆలోచించలేదు అన్నారు. అమ్మగారికి ఎక్కువ నొప్పి తగిలింది చీటీల దగ్గర కాదు, పలక దగ్గర.

"నీ కోసం నేను ప్రార్థన చేశాను మల్లవ్వా. నువ్వు ఆమేన్ అన్నావు" అన్నారు. ఆ ఒక్క మాటే అన్నారు.

సంఘం ముందు నిలబడి చెప్పాను. నేల చూస్తూ చెప్పాను, సగం మాటలు ముందు వరస వాళ్ళకే వినబడ్డాయి. ఛాయాదేవి గారు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. నెల తర్వాత వచ్చి, మా అక్క సంక్రాంతికి చీర పంపింది అని మాత్రం చెప్పి, నా పక్కన కాక రెండు వరసల అవతల కూర్చున్నారు. తారామణి బయట నన్ను పట్టుకుని, నాకెప్పుడో తెలుసునే, సదువురానోళ్ళు ఇటుక మీద గంటసేపు కూసోరు అంది. తర్వాత తన చీర కొంగు అంచుతో నా మొహం తుడిచింది.

పెట్టె ఉంది గాని సంచి పోయింది. ఎవరి చీటీ వాళ్ళే కాల్చుకోవాలని అయ్యగారు నియమం పెట్టారు. నేను ఊడ్చే పనే చేసుకున్నాను.

ఇంట్లో సూర్యకళ చాలా నెలలు నా ముందు ఏది రాసినా ఎడమ చేయి అడ్డం పెట్టుకుని రాసేది, బడిపిల్లల లాగా. కిరాణా సామాన్ల పట్టీ కూడా. తర్వాత ఆ చీటీలో ఏం రాసిందో ఆ పిల్ల చెప్పలేదు, నేను అడగలేదు. ఉప్పల్ ఇల్లు వద్దనుకున్నారు. ఎందుకు వద్దనుకున్నారో నాకు తెలియదు. ముగ్గురం కలిసి పీర్జాదిగూడలో ఇంకో ఇంటికి మారాం. ఆ పిల్ల అడిగింది దొరికి మారామో, దొరకక మారామో అని నా మనసు ఇప్పటికీ గింజుకుంటుంది. తెలుసుకోవాలని ఉంది. చచ్చేదాకా ఉంటుందేమో.

కిందటి ఎండాకాలం, మధ్యాహ్నం, సూర్యకళ వాళ్ళమ్మకు ఉత్తరం రాస్తూ మంచం మీద కూర్చుంది. నేను ఎదురుగా చాప మీద బియ్యం ఏరుతున్నాను. నల్లా వచ్చిందని వీధిలో ఎవరో కేకేశారు. ఆ పిల్ల కాగితాన్ని అట్లాగే, తెరిచినట్టే, గ్లాసు కింద పెట్టి బిందె తీసుకుని వెళ్ళిపోయింది. చేయి అడ్డం లేదు. నేను ఉన్న చోటికి అక్షరాలు కనబడుతున్నాయి. ఇంకొంచెంసేపు ఉంటే చదివేస్తాయి నా కళ్ళు. చేట పక్కన పెట్టి లేచి, బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాను.

బిందె నింపుకుని వచ్చి ఆ పిల్ల ఆగింది.

"గింత ఎండల నిలవడ్డవేంది అత్తమ్మా?"

"లోపల నీ కాగితమున్నది బిడ్డా. నా కండ్లు నా మాట వినయి."

ఆ పిల్ల నన్ను చూసింది, లోపలికి చూసింది. బిందె నడుము మీద సర్దుకుంది.

"దా, లోపలికి దా" అంది. "గాడ నీ గురించే రాస్తున్న. మోకాళ్ళ నొప్పికి మా అమ్మ ఏం నూనె వాడుతదో అడుగుతున్న."

మల్లవ్వ,
వయసు యాభై తొమ్మిది,
పీర్జాదిగూడ.